పోయిన పంతొమ్మిది అక్షరాలు

356వ రోజు

ఈ పుస్తకంలో అక్షరాలకి లెక్క లేదు, అందుకే ఇందులో రాస్తున్నా. కాగితం దొరకడం కష్టమే. కానీ పలకలో రాద్దామంటే ముప్పై నాలుగు దగ్గర అది నోరు మూసేస్తుంది. నాకు చెప్పాల్సింది బోలెడు ఉంది. అంతా గజపతిగారి గురించే. ఆయన్ని మట్టి కరిపించడానికి నాకు ఇంకా తొమ్మిది రోజులు మిగిలాయి.

పొద్దున్నే లేచి గాలి గుడ్డ ఉతికా. నిన్నటికన్నా నల్లగా దిగింది, పైన దుమ్ము లేచినట్టుంది. గుడ్డ కిటికీకి కట్టి, బజారుకెళ్ళి తోటకూర కట్ట ఒకటి తెచ్చుకున్నా. మా చెల్లి పరదేశమ్మ ఉన్నన్నాళ్ళు నేను ఆకుకూర కొనలేదు. దీపాల కింద పెంచి అమ్మేది అది. పోయి ఈరోజుకి మూడొందల యాభై ఆరు రోజులు.

నా పేరు నూకరత్నం, యాభై రెండేళ్ళు, కోత కొట్టులో పని. జనం చెప్పాలనుకున్నది పలకలో పట్టేలా తగ్గించి ఇవ్వడమే మా పని. చెంబు పోయిందన్న ప్రకటన దగ్గర్నుంచి గాలి ఆఫీసు హెచ్చరిక దాకా అన్నీ మా బల్లల మీద నుంచే పోవాలి. నేల కిందున్న ఈ కింది ఊళ్ళో ప్రతి మణికట్టుకీ పలక ఉంటుంది. కబురుకి ముప్పై నాలుగు అక్షరాలు. గుణింతమున్నా, వత్తున్నా, పక్కన సున్నా ఉన్నా ఒక్కటే లెక్క. ఖాళీలకి లెక్క లేదు.

ఆ రోజు గాలి ఆఫీసు కబురు కోసింది నేనే. ఇదిగో: "ఇవాళ ఆరో వీధి గాలి మర ఆగుతుంది. పదకొండు లోపు అందరూ నాలుగో వీధికి వెళ్ళిపోండి." సరిగ్గా ముప్పై నాలుగు. ఎనిమిదింటికి వేలిముద్ర వేసి నీళ్ళ వరసలో నిలబడ్డానికి వెళ్ళిపోయా. తొమ్మిదింటికి ఊళ్ళో పలకల్లో పడింది మాత్రం ఇది: "ఇవాళ ఆరో వీధి గాలి మర ఆగుతుంది. వేడిగా ఉందా? చల్లచల్లని సుగంధి షర్బత్ తాగండి."

అదీ ముప్పై నాలుగే. పోయినవి పంతొమ్మిది, వచ్చినవి పంతొమ్మిది. గాలి మర అప్పుడప్పుడు పావుగంట ఆగడం మామూలే కాబట్టి ఎవరూ కదల్లేదు. ఆ రోజు మూడు గంటలు ఆగింది. పద్నాలుగు మంది పోయారు. మా పరదేశి గుమ్మంలో కూర్చున్నట్టే ఉంది, పక్కన సగం తాగిన షర్బత్ గ్లాసు ఉంది.

వేలిముద్ర పడ్డాక కబురు ముట్టుకునే తాళం కొట్టు యజమాని దగ్గర ఒక్కటే ఉంటుంది. యజమాని గజపతిగారు. విచారణకి వచ్చినవాళ్ళు కబురు అడుగున నా గుర్తు చూసి వెళ్ళిపోయారు. "నీ గుర్తు ఉందిగా నూకరత్నం, నేనేం చెయ్యను?" అన్నాడాయన, నా మొహంలోకి చూసి మరీ. ఆరు నెలలు పని లేకుండా చేశాడు. తర్వాత దయతలిచి తిరిగి తీసుకుని, పోయిన చెంబులూ తప్పిపోయిన పిల్లులూ ఇచ్చాడు. బజారులో జనం నన్ను చూసి పక్కకి జరిగేవారు.

ఇవాళ ఆ మనిషి నా బల్ల దగ్గరికి నవ్వుకుంటూ వచ్చి ఒక కాగితం పెట్టాడు. పలకల కట్టుబాట్లు చూసే అక్షర సంఘానికి పెద్ద అవుతున్నాడట. వచ్చేవారం పట్టం. ఎక్కడనుకున్నారు? ఆరో వీధి సభలో, "పోయినవాళ్ళకి గౌరవంగా". పెద్ద అవగానే ముప్పై నాలుగుని ఇరవై ఎనిమిది చేస్తాడట, జనానికి టైము కలిసొస్తుందట.

"నువ్వయితే బాగా కోస్తావని నీకే ఇస్తున్నా," అన్నాడు.

కోసిచ్చా.

358వ రోజు

మా ఊళ్ళో ఎవరైనా పోతే వాళ్ళ తాలూకు మనిషి ఏడాది లోపు ఒక వీడ్కోలు కబురు వేయొచ్చు. దానికి మాత్రం అక్షరాల లెక్క లేదు. గాలి ఆఫీసు హెచ్చరికకి మోగే గంటే మోగి, ఊరందరి పలకల్లోనూ పడుతుంది. అందులో ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టకూడదు, సంఘం పెద్ద అయినా సరే. కట్టుబాటు ఒక్కటే: బతికున్న మనిషిని పేరుపెట్టి నిందించకూడదు.

పరదేశి వీడ్కోలు నేనింకా వేయలేదు. అందరూ నాకు మనసు రాక ఆగానని అనుకుంటున్నారు. మనసు రాకేం, దాచిపెట్టుకున్నా. ఈ ఊళ్ళో గజపతిగారి తాళానికి తెరుచుకోని కబురు అదొక్కటే.

ఇవాళ సెలవు పెట్టి కూర్చుని రాశా. ముప్పై ఏళ్ళు కోసీ కోసీ ఉన్నదాన్ని, ముందు చెయ్యి రాలేదు. మూడో మాటకే లెక్కపెట్టుకుంటున్నా. తర్వాత గట్టు తెగింది. పరదేశి ఎలా మాట్లాడేదో రాశా. అది ఎప్పుడూ ముప్పై నాలుగులో ఇమడలేదు. "అక్కా కూర వండావా ఏం కూర వండావు ఉప్పు చూశావా లేదా" అని అడగడానికి నాలుగు కబుర్లు పంపేది. ఆ పూట నేనేం కోశానో రాశా, ఊళ్ళో ఏం పడిందో రాశా, నా వేలిముద్ర ఎన్నింటికి పడిందో రాశా. వేలిముద్ర తర్వాత తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఊరందరికీ తెలుసు, పేరెందుకు? షర్బత్ వాళ్ళ పేరు మాత్రం శుభ్రంగా రాశా. కంపెనీ బతికున్న మనిషి కాదుగా.

నా తప్పు కూడా రాశా. కోత నేర్చుకునేటప్పుడు మొదటి పాఠం, చెయ్యాల్సిన పని ముందు, కారణం తర్వాత. గజపతిగారికి కోత రాదు. ఆయన కబురు లోపల్నుంచి తీయడు, తోక నరికేస్తాడు. అది నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు, గాలి ఆఫీసు చెప్పిన వరసలోనే ఉంచేసి, "వెళ్ళిపోండి"ని తోకలో పెట్టా. ఏడాదిగా నిద్రలో కూడా ఆ రెండు వాక్యాలూ అటూ ఇటూ మారుస్తూనే ఉన్నా.

మొత్తం నాలుగు వేల అక్షరాలు దాటింది. చదువుకుని ఏడ్చా. తర్వాత, చూస్కో గజపతీ, నీ పని అయిపోయింది అనుకున్నా.

360వ రోజు

నా మొహం. ఏమీ అవ్వలేదు.

మా కొట్టులో నా పక్క బల్ల పైడమ్మది. ఆరో వీధిలో ఉంటుంది, కాళ్ళు రాని తండ్రి అప్పలస్వామిగారితో. ఆ రోజు తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్ళింది కాబట్టి ఇద్దరూ బతికారు. నన్ను వెలివేయని మనిషి అదొక్కతే. అన్నాల వేళ దానికి నా కాగితాలు ఇచ్చి చదవమన్నా.

మూడు వరసలు చదివి కాగితాలు తిరగేసింది. "ఇంతుందేంటక్కా? ఇంటికెళ్ళి చదువుతాలే."

"ఇక్కడే చదవవే."

"చదువుతాను గానీ, కళ్ళు ఆగట్లేదు," అంది సిగ్గుపడుతూ. "నిజం చెప్పనా? వీడ్కోలు వస్తే మొదటి ముక్క చూస్తా, అయ్యో అంటా, పలక మూసేస్తా. కిందకి జరిపి చదివేవాళ్ళు ఎవరున్నారు? మా అమ్మ వీడ్కోలు నేను ఎనిమిది వందల అక్షరాలు రాశా. పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా లోపల ఏముందో ఎరగరు."

దాని మీద అరిచేశా. నీకు మా చెల్లి అంటే లెక్కలేదు, చచ్చినవాళ్ళంటే లెక్కలేదు అని నోటికొచ్చినట్టు తిట్టా. అది ఏడ్చింది. పాపం దాని తప్పేముంది, ముప్పై నాలుగు దాటితే కళ్ళు ఆగిపోయేలా ఊరందర్నీ అలవాటు చేసినవాళ్ళలో నేనూ ఉన్నా. ముప్పై ఏళ్ళు జీతం తీసుకుని మరీ చేశా.

361వ రోజు

పొద్దుట్నుంచి నాలుగు వేలని ముప్పై నాలుగు చేయాలని చూశా. పేరు రాయకూడదు. పేరు లేకుండా ముప్పై నాలుగులో ఏం రాసినా దుఃఖంలో ఏదో అంటోందిలే అన్నట్టే ఉంది. పదిహేడు రకాలు రాసి పదిహేడూ కొట్టేశా.

మధ్యాహ్నం గజపతిగారు పిలిచాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, ఎప్పుడూ లేనిది.

"పరదేశమ్మ వీడ్కోలుకి గడువు దగ్గరపడింది కదా. నీకు రాయడం కష్టంగా ఉంటే కొట్టులో తయారుగా ఉన్నవి వాడుకో. నేనే ఒకటి ఎంచి పెట్టా." కాగితం జరిపాడు. "చల్లని మనిషి, చల్లగా వెళ్ళిపోయింది." కింద దీపం బొమ్మ కూడా ఉంది.

చల్లగా వెళ్ళిపోయిందట! గాలాడక, ఒళ్ళంతా చెమట పట్టి, గుమ్మం పట్టుకున్న వేళ్ళు బిగుసుకుపోయిన మనిషి! ఆ టేబులెత్తి ఆయన నెత్తిన వేద్దామనిపించింది. పళ్ళు బిగబట్టి, "ఆలోచిస్తానండీ," అన్నా.

"అందరికీ అర్థమయ్యేలా ఉండాలి నూకరత్నం. మొదటి ముక్క తప్ప ఎవడూ చదవడు. నీకు తెలీనిదేముంది?"

ఆయన నోట, పైడమ్మ నోట అదే మాట. తిరిగి బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాక బుర్ర వెలిగింది. మొదటి ముక్క ఊరంతా చూస్తుంది. తక్కినది చదవాలంటే జనం కదలకుండా ఒక చోట కూర్చోవాలి, చెయ్యడానికి ఇంకే పనీ ఉండకూడదు. అలాంటి చోటు కింది ఊళ్ళో ఒకటుంది. ఒక వీధి ఇంకో వీధిలోకి ఖాళీ అయితే గాలి సర్దుకోవడానికి రెండు వీధుల తలుపులూ గంటసేపు మూసేస్తారు. ఆ గంట ఎవరూ ఎటూ పోలేరు.

363వ రోజు

మొదటి ముక్క తయారు: "పదకొండు లోపు ఆరో వీధి ఖాళీ చేయండి. అందరూ నాలుగో వీధికి వెళ్ళండి. పరుగెత్తొద్దు."

ముప్పై రెండు. ఈసారి పని ముందు పెట్టా. "పరుగెత్తొద్దు" చివర చేర్చా, ముసలాళ్ళు మెట్ల మీద పడతారేమోనని. దాని కిందే రెండో వాక్యం: "ఇది పోయిన ఏడు ఇదే వీధికి నేను రాసిన కబురు, మీకు అందనివ్వలేదు." ఒక్కసారి కిందకి జరిపితే చాలు, భయపడాల్సిన పని లేదని తెలిసిపోతుంది. ఎవరూ జరపరని నాకు తెలుసు. ఆ తెలిసినదాని మీదే ఆధారపడ్డా. ఇది మంచి పనేనా అని ఎవరైనా అడిగితే కాదనే చెప్తా. చేస్తాను మాత్రం.

పైడమ్మకి ముందే చెబుదామా అని నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. అప్పలస్వామిగారిని ఒక్కతే ఎలా మోస్తుంది? చెప్తే దాని మొహంలో తెలిసిపోతుంది, గజపతిగారు పట్టేస్తాడు. చెప్పలేదు. అన్నం కూడా సయించలేదు.

364వ రోజు

పట్టం పదింటికి. నేను తొమ్మిదిన్నరకి వేశా.

గంట మోగేసరికి నేను నాలుగో వీధి మొదట్లో నిలబడి ఉన్నా. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత ఆరో వీధి మెట్ల వైపు నుంచి జనం వచ్చారు. చంకలో పిల్లలు, చేతిలో మంచినీళ్ళ సీసాలు. సభకొచ్చిన పెద్దమనుషులు కండువాలతో సహా వచ్చారు. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. పోయిన ఏడు ఇలాగే రావాల్సింది వీళ్ళు. వాళ్ళలో మా పరదేశి కూడా బుట్ట నెత్తిన పెట్టుకుని, వాగుతూ రావాల్సింది. నేను అక్కడే నేల మీద కూర్చున్నా.

పైడమ్మ అందరికన్నా ఆఖర్న వచ్చింది, తండ్రిని వీపున వేసుకుని. మొహం ఎర్రగా కందిపోయింది. వాళ్ళ వెనకే తలుపులు పడ్డాయి.

గాలి ఆఫీసు మనిషి తలుపు దగ్గర నిలబడి, "మేం ఏ కబురూ పంపలేదే!" అని లబలబలాడాడు. "మరి ఇదేంటి?" అని ఎవరో పలక చూపించారు. అప్పుడు కిందకి జరిపారు. ఒకరు జరిపితే పక్కవాళ్ళూ జరిపారు. వెయ్యిమందికి పైగా జనం, గంటసేపు, గోడలకి ఆనుకుని కూర్చుని నాలుగు వేల అక్షరాలు చదివారు. చదవడం రానివాళ్ళకి పక్కవాళ్ళు చదివి వినిపించారు. నా తప్పు ఉన్న చోట ఒకామె తలెత్తి నన్ను చూసింది. షర్బత్ ఉన్న చోట చాలామంది వెనక్కెళ్ళి మళ్ళీ చదివారు.

గజపతిగారు రాలేదు. ఆయనకి మాత్రం ఆ కబురు గాలి ఆఫీసుది కాదని తెలుసు, ఆ వాక్యం ఎక్కడిదో తెలుసు కదా. ఖాళీ సభలో, పట్టం కుర్చీ పక్కన, ఒక్కడే మిగిలాడని తర్వాత విన్నా.

పైడమ్మ నా దగ్గరికొచ్చింది. "నా నడుం విరిగిందే! మా నాన్న భయంతో పంచె తడుపుకున్నాడు, తెలుసా నీకు? నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పలేకపోయా."

"పాపిష్టిదానా," అంది. అని పక్కనే కూలబడి, పలక తీసి మొదట్నుంచి చదవడం మొదలెట్టింది. ఈసారి ఆగలేదు.

సాయంత్రానికి షర్బత్ వాళ్ళు హడలిపోయి సంఘం దగ్గరికి పరుగెత్తారు. ప్రకటన మేం ఇచ్చింది ఆ రోజు ఎనిమిదిన్నరకి, ఇచ్చింది గజపతిగారి చేతికే, ఎక్కడ ఇరికిస్తాడో మాకేం తెలుసు అన్నారు. సంఘం పట్టం ఆపేసింది. రేపు అయిదింటి లోపు ఊరికి సమాధానం చెప్పమని ఆయనకి కబురు పెట్టింది. నాకూ ఒకటి వచ్చింది: జనాన్ని హడలగొట్టినందుకు ఎల్లుండి నుంచి నా గుర్తు రద్దు, ఇక కోత పని లేదు.

365వ రోజు

సమాధానం కూడా ముప్పై నాలుగే. ఎంత పెద్దవాడికైనా అంతే.

ఆయన పొద్దున్నే కొట్టుకొచ్చి బల్ల బల్లకీ తిరిగాడు. ఆయన తెచ్చిన కాగితం ఒక్కరూ ముట్టుకోలేదు. పైడమ్మ కలం మూతపెట్టి చేతులు కట్టుకుంది. ఆయనకా కోయడం రాదు. మధ్యాహ్నం దాకా గదిలో తంటాలు పడి, నాలుగున్నరకి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను కూర్చోమన్లేదు. బయట సందులో పద్నాలుగు ఇళ్ళ వాళ్ళూ నిలబడి ఉన్నారు, తలుపు తీసే ఉంది.

"నూకరత్నం, నువ్వే కొయ్యాలి. నాకు జాగా చాలట్లేదు."

ఆరు వందల అక్షరాలు ఉన్నాయి. రెండుసార్లు చదివా. గాలి ఆఫీసు ఆలస్యంగా ఇచ్చిందట. షర్బత్ వాళ్ళు తొందరపెట్టారట. కొట్టులో ఇరవై మంది బతుకు చూసుకోవాలట. చివరి ముక్క అంత ముఖ్యమైనదని తోచలేదట, అందుకని ఆరో వీధి కబురు కోశాడట. ముప్పై ఏళ్ళ సేవని ఒక్క పూటతో కొలవకూడదట.

ఏది తీస్తే కబురు చచ్చిపోతుందో అది ఉంచాలి, తక్కినదంతా తీయాలి. నా పని నేను నిజాయితీగా చేశా. కోసి, మా కట్టుబాటు ప్రకారం పైకి చదివా.

"ఆరో వీధి కబురు కోసింది నేనే."

పన్నెండు. సందులో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"ఇంతేనా? నా ఉద్దేశం, నా పరిస్థితి..."

"పట్టవండీ."

"ఇంకా ఇరవై రెండున్నాయి నూకరత్నం!" తలుపు వైపు చూశాడు. అక్కడ నిలబడ్డవాళ్ళ మొహాలు చూశాడు. "పోనీ... క్షమించండి అని పెట్టు. నాలుగు అక్షరాలే కదా."

కాగితం ఆయన వైపు తిప్పా. "ఎక్కడుందో చూపించండి, ఉంచుతా."

ఆయన వేలు పెట్టి వెతికాడు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా వెతికాడు. మళ్ళీ మొదట్నుంచి వెతికాడు. ఆరు వందల అక్షరాల్లో ఎక్కడా ఆ మాట లేదు.

"ఇప్పుడు చేర్చు," అన్నాడు మెల్లిగా.

"మేం కోసేవాళ్ళం గజపతిగారూ. రాసినవాళ్ళు రాయని మాట చేర్చడం మా పని కాదు. ఆ కట్టుబాటు దాటినందుకేగా పద్నాలుగు మంది పోయారు."

కలం ఆయన ముందే ఉంది, ఆయన ముట్టుకోలేదు. అయిదుకి నాలుగు నిమిషాలుంది. మళ్ళీ చదివా, ఆయన అవునన్నాడు. అలా మూడుసార్లు చదివా, మూడుసార్లూ అవునన్నాడు. వేలిముద్ర వేశాడు. అందరి పలకలూ ఒకేసారి వెలిగాయి. ఆయన ఆ జనం మధ్యలోంచే నడిచి వెళ్ళాల్సి వచ్చింది, ఎవరూ దారివ్వడానికి తొందరపడలేదు.

నా కసి తీరిందా అని పైడమ్మ అడిగింది. తీరింది. కానీ ఒక్కటి మాత్రం నిజం. ఆ నాలుగు అక్షరాలు ఆయన తనంతట తాను రాసుంటే, ఆరు వందల్లో ఏ మూలున్నా వెతికి పట్టుకుని ఉంచేదాన్ని. మా పరదేశి మీద ఒట్టు.